35 కాగితం మీద, 7 చేతిలో

సరూర్‌నగర్,
ఆదివారం సాయంత్రం.

బిడ్డా,

ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. బీరంగూడ ఫ్లాట్ 42 లక్షలు. ఏజెంటేమో 35కి రిజిస్ట్రేషన్ చేయిద్దాం, మిగతా 7 క్యాష్ ఇవ్వండి, అప్పుడు మీకు సెంట్రల్ గవర్నమెంట్ సబ్సిడీ కూడా వస్తుంది అంటున్నాడు. అప్పుడే జవాబు చెప్పేవాణ్ణి. అటు పాప ఏడుపు, ఇటు మీ అమ్మ ఫోన్ లాక్కోవడం. ఎలాగూ లెక్కలు ఫోన్లో చెబితే నిలవవు. రాసి పెడితే అల్లుడు కూడా తీరిగ్గా చదువుకుంటాడు.

ముందే తేల్చి చెప్తున్నా, ఆ పద్ధతిలో కొనొద్దు.

సబ్సిడీ ఉన్న మాట నిజమే. పీఎంఏవై (ప్రధానమంత్రి ఆవాస్ యోజన) అర్బన్ 2.0 అని 2024 సెప్టెంబర్ 1 నుంచి నడుస్తోంది. అందులో వడ్డీ రాయితీ భాగం మీలాంటి వాళ్ళ కోసమే పెట్టారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షలు మించకూడదు. మీ ఇద్దరి జీతాలు కలిపితే 8.40, కాబట్టి మీరు వస్తారు. ఇంటి ధర 35 లక్షల లోపు, లోను 25 లక్షల లోపు, కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే జాగా, 120 చదరపు మీటర్ల లోపు ఉండాలి. లోనులో మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ వాళ్ళు భరిస్తారు, 12 ఏళ్ళ కాలానికి. దాన్ని లెక్కగట్టి ఎక్కువలో ఎక్కువ 1.80 లక్షలు ఇస్తారు. అదీ ఒకేసారి కాదు, ఏడాదికొకటి చొప్పున ఐదు విడతల్లో. విడతకు 36 వేలు అనుకో.

మన వీధి చివరి వాళ్ళకు 2.67 లక్షలు ఒక్కసారే పడ్డాయి కదా అన్నావు. అది పాత స్కీము. 2022 మార్చితో దాని కథ ముగిసింది. అయినా కొందరు ఏజెంట్లు ఆ 2.67నే ఇంకా చెప్పుకు తిరుగుతున్నారు. మీ ఏజెంట్ ఏ అంకె చెప్పాడో అడుగు, మనిషి సంగతి అక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు అతను చెప్పినట్టే కొన్నారనుకుందాం. సబ్సిడీ కావాలంటే లోను 25 దాటకూడదు. 35లో 25 పోతే 10 మీరు పెట్టాలి. పైన 7 క్యాష్. రిజిస్ట్రేషన్ మన రాష్ట్రంలో స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. 35 మీద అది 2 లక్షల 62 వేలు. ఆ బిల్డింగ్‌కి ఇంకా ఓసీ, అంటే కట్టడం పూర్తయిందని మున్సిపాలిటీ ఇచ్చే సర్టిఫికెట్, రాలేదన్నావు కాబట్టి జీఎస్టీ ఉంటుంది. 45 లక్షల లోపు ధర, 60 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఉంటే 1 శాతమే. 60 చదరపు మీటర్లంటే 646 చదరపు అడుగులు. నువ్వు చూసింది బిల్డర్ లెక్కలో 1100 ఎస్‌ఎఫ్‌టీ, కార్పెట్ ఎంత తగ్గినా 700 ఉంటుంది. కాబట్టి 5 శాతం, అంటే 1.75 లక్షలు. అన్నీ కూడితే మీ చేతి నుంచి పోయేది 21 లక్షల 37 వేలు.

అదే ఫ్లాట్‌ని ఉన్నదున్నట్టు 42కి రాయించి సబ్సిడీ మాటే మరిచిపోతే? 30 లక్షలు దాటిన లోనుకు బ్యాంకు 80 శాతం దాకా ఇవ్వొచ్చు, అంటే 33.60. మీరు పెట్టేది 8.40, రిజిస్ట్రేషన్ 3.15, జీఎస్టీ 2.10. మొత్తం 13 లక్షల 65 వేలు. ఐదేళ్ళలో చిల్లర చిల్లరగా వచ్చే 1.80 కోసం ఇవాళే 7 లక్షల 70 వేలు అదనంగా ఎక్కడి నుంచి తెస్తారు? చీటీ పాడతారు, లేదా పర్సనల్ లోన్ తీస్తారు. దాని వడ్డీ ముందు ఈ రాయితీ ఎంత?

డబ్బు సంగతి అలా ఉంచు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు టేబుల్ వేసుకుని ఇన్నేళ్ళు డాక్యుమెంట్లు రాసినవాణ్ణి. ఈ కాగితం ధర, చేతి ధర బేరం నాకు కొత్త కాదు. దీన్ని అందరూ చేసేదే అన్నట్టు మాట్లాడతారు. ఆ ఏడు లక్షలకు రసీదు ఉండదు. రేపు బిల్డర్ లిఫ్ట్ పెట్టకపోయినా, ఓసీ తేకపోయినా, నువ్వు ఏ ఆఫీసుకెళ్ళినా అక్కడ నీ ఫ్లాట్ ధర 35 లక్షలే. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన క్యాష్ పుచ్చుకోవడం ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం ఒప్పుకోదు, పుచ్చుకున్నవాడికి అంతకంత పెనాల్టీ. ఆ తగాదా వచ్చిన రోజు, ఇంత క్యాష్ ఎక్కడిదని మిమ్మల్నీ అడుగుతారు. పదేళ్ళ తర్వాత మీరు అమ్ముకునేటప్పుడు కూడా కొన్న ధర 35 అనే చూస్తారు, లేని లాభం 7 లక్షల మీద 12.5 శాతం, అంటే 87 వేల పైచిలుకు ట్యాక్స్ కట్టాలి. ఇక ధర తక్కువ చూపించి గవర్నమెంట్ సొమ్ము తీసుకోవడాన్ని ఏమనాలో నువ్వే చెప్పు. పిల్లలకు పాఠాలు చెప్పేదానివి.

ట్యాక్స్ అంటే గుర్తొచ్చింది. హోం లోన్ తీసుకుంటే ట్యాక్స్ మిగులుతుందని కూడా అతను అన్నాడట కదా. మీకేం మిగులుతుంది? కొత్త ట్యాక్స్ పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా కట్టాల్సింది సున్నా. మీ ఇద్దరిలో ఒక్కొక్కరి జీతం దాంట్లో సగం కూడా లేదు. లేని ట్యాక్స్‌లో తగ్గేదేముంటుంది. పెద్ద జీతాల వాళ్ళకు చెప్పే మాట మీకూ అప్పజెప్పాడు.

మీ అమ్మ పక్కన కూర్చొని ఇందిరమ్మ ఇల్లు ఎందుకు పెట్టుకోవద్దు అంటోంది. అది సొంత జాగా ఉన్న పేదవాళ్ళు ఇల్లు కట్టుకోవడానికి ఇచ్చే 5 లక్షలు, ఫ్లాట్ కొనేవాళ్ళకు కాదు. డబుల్ బెడ్రూం ఇళ్ళయితే కొనేవే కావు, లేనివాళ్ళకు ఉచితంగా కేటాయించేవి. వాటి జోలికి మనం పోకూడదు కూడా.

కేంద్రం స్కీముకు ఒక షరతు ఉంది, దాన్ని అల్లుడితో మాట్లాడి తేల్చుకో. కుటుంబంలో ఎవరి పేరు మీదా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్ళికాని పిల్లలు. కాబట్టి మన సరూర్‌నగర్ ఇల్లు నీకు అడ్డం కాదు. కానీ జనగామ దగ్గర వాళ్ళ ఊళ్ళో స్లాబు ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? మీ మామగారి పేరు మీదైతే ఇబ్బంది లేదు. ఇంటి పన్ను రసీదు అల్లుడి పేరున వస్తుంటే మాత్రం సబ్సిడీ ఆశ వదులుకోండి. ఈ సంగతి మీ అత్తగారిని నువ్వు అడగొద్దు. అల్లుడినే అడగమను. ఇంటి కాగితాల గురించి కోడలు ఆరా తీస్తోందంటే ఊరికే మాటొస్తుంది.

బీరంగూడ బిల్డింగ్ గురించి ఇంకొక్క మాట. జాగా 500 గజాలన్నావు. 500 చదరపు మీటర్ల లోపు, అంటే దాదాపు 600 గజాల లోపు ప్లాట్‌లో కట్టే వాటికి రెరా (బిల్డర్ల మీద కన్నేసి ఉంచే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ నుంచి చట్టంలో మినహాయింపు ఉంది. మన సిటీలో స్టాండలోన్ అపార్ట్‌మెంట్లు చాలావరకు ఈ సందులోనే ఉంటాయి. కాబట్టి రెరా నంబర్ లేదని వాణ్ణి దొంగ అనలేం. అయితే చూసుకునే పనంతా మన నెత్తిన పడుతుంది. శాంక్షన్ ప్లాన్ తీసుకుని అంతస్తులు లెక్కపెట్టు. పర్మిషన్‌కి మించి పైన పెంట్‌హౌస్ లేపారేమో చూడు. మున్సిపాలిటీ పర్మిషన్ ఇచ్చేటప్పుడు బిల్డర్ దగ్గర 10 శాతం కట్టడాన్ని మార్ట్‌గేజ్ చేయించుకుంటుంది, ఓసీ వచ్చాకే విడుదల చేస్తుంది. నీకు చూపించిన ఫ్లాట్ ఆ మార్ట్‌గేజ్‌లో ఉన్నదేమో అడిగావా? మిగతావాటికంటే లక్ష తక్కువకు ఇస్తానంటే నాకు ముందు వచ్చే అనుమానం అదే. చెరువు సంగతి నేను చెప్పక్కర్లేదు, 2024లో అమీన్‌పూర్ వైపు హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) కూల్చివేతలు మీరు దగ్గరుండి చూశారు. రిజిస్ట్రేషన్ అయిందంటే అమ్మినట్టు రాసుకున్నారని మాత్రమే. ఆ జాగా ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్ళు నిలిచే హద్దులో, లేదని అది చెప్పదు.

నన్నడిగితే నువ్వు మాట వరసకు చెప్పి వదిలేసిన ఆర్‌.సి.పురం ఫ్లాటే మేలు. పాతదే, పన్నెండేళ్ళ బిల్డింగే. నీకు నచ్చని వంటింటి గట్టు మార్పించుకోవచ్చు. నీళ్ళు ఎన్నింటికి వస్తాయో, వానకు సెల్లార్ మునుగుతుందో లేదో పక్క ఫ్లాట్ వాళ్ళని అడిగితే చెప్తారు. కొత్త బిల్డింగ్‌లో ఎవర్ని అడుగుతావు? అల్లుడికి పటాన్‌చెరు దగ్గర, నీ స్కూలుకు ఒకటే బస్సు. 34కి ఇస్తామన్నారు, అదే ధరకు కాగితం కూడా రాస్తామన్నారు. పాత ఫ్లాట్‌కి జీఎస్టీ లేదు. సబ్సిడీ కొత్త ఇళ్ళకే అనుకోకు, చేతులు మారే ఇంటికీ వస్తుంది. లోను 25 తీసుకుంటే మీరు 9 పెట్టాలి, రిజిస్ట్రేషన్ 2.55. బ్యాంకు ఖర్చులు, కరెంట్ మీటర్ పేరు మార్పు, అసోసియేషన్ వాళ్ళ డబ్బులు కలిపి 12 లక్షలు చూసుకోండి. వడ్డీ 8 శాతం, 20 ఏళ్ళు అనుకుంటే ఈఎంఐ 20,900 దరిదాపుల్లో ఉంటుంది. బీరంగూడకు 33.60 తీస్తే 28,100. నెలకు ఏడు వేల తేడా. నెలకు మూడు వేల లెక్కన పడే సబ్సిడీ కంటే ఇది పెద్దది, పైగా ఐదేళ్ళతో ఆగదు.

ఆ సబ్సిడీ విడతలు కూడా ఊరికే పడవు. లోను నడుస్తూ ఉండాలి, విడత వచ్చేనాటికి అసలులో సగానికి పైగా మిగిలి ఉండాలి. అల్లుడికి బోనస్ వచ్చి ముందే కట్టేయాలనిపిస్తే కట్టండి, ఫ్లోటింగ్ వడ్డీ లోనుకు ముందు కట్టినా పెనాల్టీ ఉండదు. సగం గీత దాటకుండా చూసుకుంటే చాలు. అప్లికేషన్ మీరే పోర్టల్‌లో ఆధార్‌తో పెట్టుకోవచ్చు, బ్యాంకు వాళ్ళనడిగినా దారి చెప్తారు. పెట్టిస్తానని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి.

12 లక్షల్లో మీ దగ్గర 5 ఉన్నాయన్నావు. అల్లుడి పీఎఫ్‌లోంచి ఇంటికని తీసుకోవచ్చు, తిరిగి కట్టే పని లేదు, కానీ 2 లక్షలకు మించి ముట్టుకోవద్దను. మిగతా 5 మేము ఇస్తాం. ఎఫ్‌డీ వచ్చే నెల చేతికొస్తుంది. నీ అకౌంట్‌కే ట్రాన్స్‌ఫర్ చేస్తాను, గిఫ్ట్ లెటర్ నేనే రాస్తాను. తల్లిదండ్రులు ఇచ్చినదానికి ట్యాక్స్ ఉండదు, బ్యాంకు అడిగితే చూపించడానికి కాగితం ఉంటుంది. ఇది అప్పు కాదు. తమ్ముడికి చెప్పే చేస్తున్నాం, వాడికి అభ్యంతరం లేదు, నువ్వు మొహమాటపడొద్దు.

రిజిస్ట్రేషన్ మాత్రం ఇద్దరి పేర్ల మీదా జరగాలి, మొదటి పేరు నీది. ఆడవాళ్ళ పేరుంటే కొన్ని బ్యాంకులు వడ్డీలో కాస్త తగ్గిస్తాయి, అల్లుడికి ఆ కారణం చెప్పు. నా కారణం వేరే ఉంది, అది నీకూ తెలుసు.

ఆర్‌.సి.పురం వాళ్ళకు ఇంకా టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకండి. ముందు వాళ్ళ సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు ఆస్తి చేతులు మారిన కాగితాలు), ఓసీ, చివరి ఆస్తి పన్ను రసీదు జిరాక్సులు తీసుకుని వచ్చే ఆదివారం ఇక్కడికి రండి. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల చిట్టా, నేను తీస్తాను, 1983 నుంచి ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకెళ్ళి వస్తా. డీడ్‌లో అన్‌డివైడెడ్ షేర్, అంటే బిల్డింగ్ జాగాలో ఆ ఫ్లాట్ వాటా, ఎన్ని గజాలు రాశారో ఆ పేజీ మాత్రం రేపే ఫోటో తీసి వాట్సాప్ పెట్టు. అది 30 గజాలకు తక్కువుంటే ధర మళ్ళీ మాట్లాడాలి, ఆ మాట నేను మాట్లాడతాను.

మీ అమ్మ పాప ముక్కు కారడం తగ్గిందా అని అడగమంటోంది.

నాన్న