పశువైద్యానికి ముందు బీఎస్సీ దేనికి?

సంపాదకులు గారికి,

మా బెంగళూరులో పశువైద్యం చదవాలనుకునే తెలుగు పిల్లలు కొందరు, అమెరికాలో ఉన్న బాబాయి ఎవరో చెప్పాడని, ముందు బీఎస్సీలో చేరుతున్నారు. ఇక్కడ డిగ్రీ అక్కర్లేదండీ. ఇంటర్ బైపీసీ అయ్యాక నేరుగా బీవీఎస్సీ (పశువైద్య కోర్సు), హెబ్బాళలోనే కాలేజీ ఉంది, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఆలిండియా కోటా 15 శాతం సీట్లకి నీట్ ర్యాంకు కావాలి.

అమెరికాలో డీవీఎం (అక్కడి పశువైద్య కోర్సు) చేస్తామనేవాళ్ల సంగతి వేరు. అక్కడ చేరేముందు చదివి ఉండాల్సిన సబ్జెక్టులకి కాలేజీకో లిస్టు, కానీ ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్ చాలాచోట్ల అడుగుతారు. మా అమ్మాయికి అందరూ సిఫార్సు చేసిన సీబీజెడ్ (కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ) బీఎస్సీలో అసలు ఫిజిక్సే లేదు! మూడేళ్లు చదివాక ఈ సంగతి తెలిస్తే ఎవరిని అడగాలి? మీ విద్యా పేజీలో ఈ తేడా ఒకసారి వివరంగా వేయండి.

– ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు