బంజర్ల కేటాయింపులో మేతకూ వాటా ఉండాలి

సంపాదకులు గారికి,

రాయలసీమలో సౌర విద్యుత్ పార్కులకు వేల ఎకరాలు కేటాయిస్తున్నట్టు మీ పత్రికలో తరచుగా వార్తలు వస్తున్నాయి. పెట్టుబడి ఎంత, మెగావాట్లు ఎన్ని, ఉద్యోగాలు ఎన్ని అన్న వివరాలు వాటిలో ఉంటాయి గానీ, ఆ భూమిని నిన్నటిదాకా ఎవరు ఏ విధంగా వాడుకుంటున్నారన్నది మాత్రం కనిపించదు. నంద్యాల జిల్లాలో మెట్ట సేద్యం చేసుకునే రైతుగా ఆ లోటు గురించే ఈ లేఖ రాస్తున్నాను.

సౌర విద్యుత్తు వద్దని నేను అనడం లేదు. పగటిపూట నికరంగా కరెంటు అందితే బోర్ల కింద సేద్యం చేసేవారికి ఎంత మేలో నాకు తెలుసు. అయితే దానికి కావలసిన భూమి ఎంతో కూడా చూడాలి. గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల పార్కుకు దాదాపు 5,900 ఎకరాలు పట్టింది. 2024 అక్టోబరులో ప్రకటించిన రాష్ట్ర విధానం 78 వేల మెగావాట్లకు పైగా సౌర విద్యుత్తును లక్ష్యంగా పెట్టుకుంది. మెగావాటుకు ఐదెకరాలు చాలనుకున్నా, ఇది నాలుగు లక్షల ఎకరాల దరిదాపుల్లోకి వెళ్తుంది. పంట భూముల జోలికి పోకుండా బంజర్లూ గుట్టలే తీసుకుంటున్నాం కదా అని అధికారులు చెబుతారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

మా ప్రాంతంలో గొర్రెల కాపరి ఏడాదంతా ఒకే చోట మందను మేపుకోలేడు. పంట కోతలయ్యాక కొయ్యకాళ్ల మీద, కాలువల కింది ఆయకట్టులో మేపుకుంటాడు. తొలకరి పడి చేలన్నీ విత్తిన తరువాత, అంటే సరిగ్గా వానాకాలంలో, మందను పొలాల్లోకి రానిచ్చేవారు ఉండరు. ఆ నాలుగైదు నెలలూ అతనికి మిగిలేది బంజరు, గుట్ట, వంక పోరంబోకు మాత్రమే. వాన పడిన వారం పది రోజుల్లో అక్కడ మొలిచే గడ్డి మీదే మంద బతుకుతుంది. వేసవిలో తనిఖీకి వచ్చి రాళ్లూ ఎండిన కంపా చూసి వెళ్లిన అధికారికి ఆ భూమి ఖాళీగానే కనిపిస్తుంది. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉన్నాయి. మన రాష్ట్రంలోనే కోటీ డెబ్బై లక్షలకు పైగా గొర్రెలు ఉన్నప్పుడు, వాటి మేత భూమి ఏ పద్దు కిందా లెక్కకు రాకపోవడం నాకు అన్యాయంగా తోస్తున్నది.

ఈ నష్టం కాపరితోనే ఆగదు. మా ఊళ్లలో వేసవిలో రైతులు డబ్బో ధాన్యమో ఇచ్చి పొలంలో రాత్రిళ్లు మంద పెట్టించుకుంటారు. ఆ పెంటికలూ మూత్రమూ పడిన చేనిలో మరుసటి ఏడు జొన్న గానీ కంది గానీ ఎలా ఎదుగుతుందో మెట్ట రైతును ఎవరిని అడిగినా చెబుతాడు. వానాకాలం మేత పోయి కాపరి మంద అమ్ముకుంటే, ఆ ఎరువుకు బదులు మేము బస్తాలు కొనుక్కోవాలి. పైగా పార్కు చుట్టూ కంచె పడితే బండ్ల దారులూ మందల దారులూ మూసుకుపోతాయి. నేల చదును చేసేటప్పుడు చిన్న చిన్న వంకలు పూడిపోయి, కింది చెరువుకు పారకం తగ్గుతుంది. భూమి లీజుకిచ్చిన పట్టాదారుకు ఏటా కౌలు వస్తుంది, అది న్యాయమే. అదే పొలంలో కలుపు తీసిన కూలీకీ, బంజరులో మేపుకున్న కాపరికీ ఏ ఒప్పందంలోనూ చోటు లేదు.

చట్టపరంగా చూసినా వీరి మాట వినే వేదిక లేకుండా పోయింది. సౌర ఫలకల ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ మదింపు నుంచి మినహాయింపు ఉంది. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావాన్ని మదింపు చేయమంటుంది గానీ, ప్రభుత్వ భూమిని నేరుగా కేటాయించినప్పుడు ఆ దశే రాదు. గ్రామ ఉమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించి తిరిగి ఊరి వినియోగానికే అప్పగించాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ ఆదేశించింది. ఆ స్ఫూర్తి ఈ కేటాయింపుల్లో కనిపించడం లేదు.

ఇలాంటి భూముల మీద ఆధారపడేది మందలు మాత్రమే కాదు. అంతరించిపోతున్న బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటు చేసిన రోళ్లపాడు అభయారణ్యం మా జిల్లాలోనే ఉంది. దాని విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. ఆ పిట్ట చుట్టుపక్కల గడ్డి భూముల మీద కూడా ఆధారపడేది కాబట్టి, కంచె లోపలి భూమిని కాపాడినంత మాత్రాన సరిపోలేదు.

ప్రభుత్వం చేయగలిగింది చాలా ఉంది. ముందుగా ఇళ్లు, గోదాములు, కార్యాలయాల పైకప్పులు, తరువాత కాలువలు, జలాశయాలు వాడుకోవాలి. గుజరాత్‌లో 2012లోనే నర్మద కాలువ మీద ఫలకలు అమర్చారు. రామగుండం జలాశయం మీద వంద మెగావాట్ల తేలియాడే ప్లాంటు 2022 నుంచి పూర్తి స్థాయిలో నడుస్తోంది. వీటితో అవసరమంతా తీరదని ఒప్పుకుంటాను. మిగిలినదానికి భూమి తీసుకోక తప్పనప్పుడు, తహసీల్దారు నివేదికతో పాటు వానాకాలంలో ఆ భూమిని ఎవరెవరు వాడుకుంటున్నారో గ్రామసభలో, కాపరుల సమక్షంలో రాయించిన పత్రం కూడా తప్పనిసరి చేయాలి. మందల దారులకూ వంకలకూ కంచె బయట చోటు వదలాలి. ఫలకలను కాస్త ఎత్తులో బిగించి, గొర్రెలను లోపలికి అనుమతించాలని లీజు షరతుల్లోనే చేర్చాలి. మేకలు ఎగబాకుతాయి కాబట్టి వాటికి వీలుకాదు గానీ, గొర్రెలతో ఆ ఇబ్బంది ఉండదు, కంపెనీకి గడ్డి కోయించే ఖర్చూ తగ్గుతుంది. ఇతర దేశాల్లో ఇది ఇప్పటికే జరుగుతోంది.

ప్రస్తుతం పరిశీలనలో ఉన్న బంజరు భూముల జాబితాలను సర్వే నంబర్లతో సహా ఆయా గ్రామ సచివాలయాల్లో ప్రదర్శించి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి కనీసం ఒక వానాకాలం గడువు ఇవ్వాలని జిల్లా కలెక్టర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక మెట్ట రైతు, నంద్యాల జిల్లా