ఈ నెల ఎక్కాలు అప్పజెప్పించుకోకండి, ఆడండి

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం మూడో తరగతి పాప ఒకతె నా గదికి వచ్చి ఏడో ఎక్కం అప్పజెప్పింది. ఒక్క తప్పు లేదు. మధ్యలో ఊపిరి తీసుకుందో లేదో కూడా తెలియలేదు. మెచ్చుకుని, వెళ్ళిపోతుంటే వెనక నుంచి "ఏడు ఎనిమిదులు ఎంతమ్మా?" అన్నాను. తలుపు దగ్గరే ఆగి, పెదాలు కదుపుతూ మళ్ళీ ఎక్కం మొదటి నుంచి ఎత్తుకుంది. యాభై ఆరు చేరేసరికి పాపం ముఖం చిన్నబోయింది.

తప్పు పాపది కాదు. ఎక్కాన్ని మనం పాటలా నేర్పాం. చరణం మధ్యలో ఒక మాట అడిగితే పెద్దవాళ్ళమైనా పల్లవి నుంచి అందుకోవాల్సిందే కదా! వరసగా అప్పజెప్పడం వేరు, ఎక్కడి నుంచి అడిగినా చెప్పగలగడం వేరు. భాగహారంలోనూ భిన్నాల్లోనూ అక్కరకొచ్చేది రెండోదే. ఆటలో లెక్కలు వరసగా రావు కాబట్టి అది అలవడడానికి ఆటే మంచి దారి. అందుకే ఈ నెల ఎక్కాల హోంవర్క్ ఆపేశాం. దాని బదులు రోజూ ఓ పది నిమిషాలు మీరు పిల్లలతో ఆడండి.

"ఇన్ని ఎక్కాలు ఎప్పటికి వస్తాయి?" అని టెన్షన్ పడేవాళ్ళకు ఒక చిన్న లెక్క. ఒకటి నుంచి పది దాకా ఎక్కాల్లో మొత్తం 100 లెక్కలుంటాయి. 3×8 అన్నా 8×3 అన్నా ఒకటేనని తెలిస్తే మిగిలేవి 55. ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలు పిల్లలకు తొందరగానే వస్తాయి. అవి తీసేస్తే 21. తొమ్మిదో ఎక్కానికి వేళ్ళున్నాయి: పది వేళ్ళూ చాపి, 9×4 కావాలంటే ఎడమ నుంచి నాలుగో వేలు మడవండి. దానికి ఎడమన మూడు, కుడిన ఆరు, అంటే 36. అవీ పోతే 15. అందులో 6×6, 7×7 లాంటివి ఐదున్నాయి. అవి ఎందుకో పిల్లల నోట్లో తేలిగ్గా నిలుస్తాయి. ఇక నిజంగా కష్టపడాల్సినవి పదంటే పది! 7×8, 6×7, 6×8 ఆ గుంపులోవే.

ఇప్పుడు ఆటలు. పేక కట్టలోంచి జాకీ, రాణి, రాజు ముక్కలు తీసేస్తే 40 మిగులుతాయి. ఆసుని ఒకటి అనుకోండి. పేక ముక్కలు ఇష్టం లేకపోతే అట్టముక్కల మీద 1 నుంచి 10 దాకా నాలుగేసి సార్లు రాసుకున్నా సరిపోతుంది. ఇద్దరూ సగం సగం పంచుకుని, ఒక్కొక్కరు రెండేసి ముక్కలు తిప్పాలి. చిన్న తరగతుల వాళ్ళు వాటిని కూడాలి, మూడో తరగతి నుంచి గుణించాలి. ఎవరి జవాబు పెద్దదైతే నాలుగు ముక్కలూ వాళ్ళవే. ఇది పూర్తిగా అదృష్టం ఆట కాబట్టి మీరు కావాలని ఓడిపోనక్కర్లేదు. అలా ఓడిపోతే పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు కూడా.

నాకు బాగా నచ్చినది నుదుటి ఆట. ముగ్గురు కావాలి. ఇద్దరు చెరో ముక్క తీసి, తాము చూడకుండా, ఎదుటివాళ్ళకు కనిపించేలా నుదుటికి ఆనించుకుంటారు. మూడో మనిషి రెండూ చూసి గుణించి "నలభై రెండు" అంటాడు. ఎదుటి నుదుటి మీద ఆరు కనిపిస్తోంది, మరి నా నుదుటి మీద ఏముండాలి? పిల్లవాడికి తెలియకుండానే 42ని ఆరుతో భాగించేశాడు. గుణించే బదులు కూడి చెబితే అదే ఆట తీసివేత అవుతుంది. భాగహారమంటే భయపడే పిల్లలు కూడా ఈ ఆట అడిగి మరీ ఆడతారు. మూడో మనిషి వంతు అందరికీ రావాలి సుమా, ఆ వంతు కోసం గొడవలు తప్పవు.

ఒకటో తరగతి వాళ్ళకు, కలిపితే పది వచ్చే జోడీలు వెతికే ఆట చాలు. పదులు తీసేసి మిగిలిన 36 ముక్కలూ బోర్లా పరచండి. వంతుకు రెండు తిప్పాలి, కలిపితే పది వస్తే తీసుకోవాలి, లేకపోతే మళ్ళీ బోర్లించాలి. చివరికి ఒక్క ముక్కా మిగలదు. మిగిలిందంటే ఎక్కడో లెక్క తప్పిందని పిల్లలే వెతుక్కుంటారు.

పాచికలుంటే 2 నుంచి 12 దాకా అంకెలు కాగితం మీద రాసి, ఒక్కొక్కరూ ఒక అంకెను ఎంచుకోండి. రెండు పాచికలు వేస్తూ కూడండి, ఎవరి అంకె ముందుగా పదిసార్లు వస్తే వాళ్ళు గెలిచినట్టు. మొదటి రోజు పిల్లలు పెద్దదని 12 తీసుకుంటారు. రెండు మూడు రోజులకు ఏడు కోసం కొట్టుకుంటారు. ఏడు ఆరు రకాలుగా వస్తుంది, పన్నెండు ఒకే ఒక్క రకంగా. ఇది ముందే చెప్పేయకండి, వాళ్ళనే కనుక్కోనివ్వండి. ప్రయాణాల్లో ఏ సామానూ లేకపోతే వంతులవారీగా లెక్కపెడుతూ, ఏడో ఎక్కంలో వచ్చే అంకె దగ్గర అంకె బదులు ఏదైనా నవ్వొచ్చే మాట అనండి.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. దయచేసి గడియారం పెట్టకండి. నేను పాఠం చెప్పే రోజుల్లో స్టాప్‌వాచ్ పట్టుకుని ఎవరు ముందు చెబితే వాళ్ళకు చప్పట్లు కొట్టించేదాన్ని. రోజూ అదే నలుగురు చెప్పేవారు, మిగతావాళ్ళు ఆలోచించడమే మానేశారు. అది గమనించడానికి నాకు చాలా నెలలే పట్టింది. కంగారులో వచ్చిన లెక్క కూడా మరిచిపోతాం. అన్నయ్యో అక్కో ముందే అరిచేస్తుంటే వంతులు పెట్టండి. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే పెట్టుకోనివ్వండి, అవసరం తీరాక వేళ్ళు వాటంతటవే దిగుతాయి.

యాప్ ఏదైనా చెప్పమని చాలామంది అడుగుతున్నారు. వద్దనను. కానీ ఎక్కువ యాప్‌లు తప్పా ఒప్పా చెప్పి ఊరుకుంటాయి. "నీకెలా తెలిసింది?" అని మీరు అడగగలరు. 8+7 అడిగితే ఒక పిల్లాడు "ఎనిమిదికి రెండిస్తే పది, ఇంకో ఐదు" అంటాడు. 7×8కి "ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది, దానికి రెట్టింపు" అని ఇంకో పాప అంటుంది. ఇలాంటి దారి ఒకటి చేతిలో ఉంటే జవాబు మరిచిపోయినా మళ్ళీ పట్టుకోగలరు. జవాబు ఒప్పయినప్పుడు కూడా అడగండి, లేకపోతే అడిగినప్పుడల్లా తప్పు చేశామనుకుంటారు.

సోమవారం మీ పిల్లల సంచీలో 40 అంకెలు అచ్చువేసిన అట్ట కాగితం ఒకటి వస్తుంది. కత్తిరించే పని వాళ్ళకే ఇవ్వండి. ఒకటి రెండు ముక్కలు పోతే ఆట ఆపకండి, క్లాస్ టీచర్ దగ్గర అదనంగా ఉన్నాయి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు