ఎంసీబీ పడలేదు, బోర్డు కాలింది: విద్యుత్ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యుత్ శాఖ మంత్రిగారికి నమస్కారం.

అయ్యా, ఇది నా నాలుగో విన్నపం. మొదటిదానికి ‘పరిశీలనలో ఉంది’ అన్నారు. రెండోదానికి, నిబంధనలు సవరించేటప్పుడు ఆర్క్ ఫాల్ట్ (వదులైన తీగ దగ్గర వస్తూనే ఉండే స్పార్క్) నుంచి రక్షణను తప్పకుండా చేరుస్తామని మాట ఇచ్చారు. సవరణ వచ్చింది, అందులో ఆ ఊసే లేదు. మూడోదానికి జవాబే రాలేదు. అందుకే అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

22 ఏళ్లుగా వైరింగ్ పని చేస్తున్నాను. పోయిన నెల ఒక ఇంట్లో గీజర్ బోర్డు విప్పాను. ఫేజ్ వైరు స్క్రూ అర చుట్టు వదులైంది, అంతే. దాని చుట్టూ ప్లాస్టిక్ బొగ్గులా మారింది. వైరు తొడుగు ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. తీగ కొసన రాగి కరిగి చిన్న పూసలు కట్టింది. రాగి కరగాలంటే 1,085 డిగ్రీల వేడి కావాలి సార్! గీజర్ వేసినప్పుడల్లా గోడలోంచి జుయ్‌మని చప్పుడు వస్తోందని ఆ ఇంటి పెద్దావిడ చాన్నాళ్లుగా చెబుతూనే ఉన్నారట. ఆ గోడకు అటువైపు పసిపిల్ల మంచం ఉంది. కరెంటు మోతాదు మించితే లైను తెంచే ఎంసీబీ పడలేదు, ఎర్త్‌కి కరెంటు లీకైతే తెంచే ఆర్‌సీసీబీ కూడా పడలేదు.

పడవు కూడా. 2,000 వాట్ల గీజర్ 230 వోల్టుల మీద తీసుకునేది 9 ఆంపియర్ల లోపే. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడ్. వదులైన చోట స్పార్క్ వస్తుంటే కరెంటు కాస్త తగ్గుతుందే గానీ పెరగదు. ఎర్త్‌కి లీకేజీ లేదు కాబట్టి ఆర్‌సీసీబీకీ తెలియదు. ఇల్లు కాలాక మాత్రం నివేదికలో ‘షార్ట్ సర్క్యూట్’ అని రాసి ఫైలు మూసేస్తారు. నిజంగా షార్ట్ అయితే ఎంసీబీ క్షణంలో పడాలి కదా? అది పడిందా లేదా అని కూడా రాయరేం?

దీన్ని పట్టే పరికరం ఉంది. 50 హెర్ట్జ్ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకి వస్తుంది. ఆర్క్ అక్కడ ఆరిపోయి మళ్లీ అంటుకుంటుంది. ఆ ఆగి రాజుకునే తీరును, దాంతో పుట్టే హై ఫ్రీక్వెన్సీ రొదను ఏఎఫ్‌డీడీ అనే ఆ పరికరం పసిగట్టి లైను తెంచేస్తుంది. డ్రిల్లింగ్ మెషీన్ బ్రష్‌ల స్పార్క్‌ను చూసి ఒక్కోసారి పొరబడుతుంది, ఒప్పుకుంటాను. కానీ పసిపిల్ల నిద్రపోయే గదిలో అనవసరంగా ఒకసారి పడితే నష్టమేముంది? ఈ పరికరానికి ఐఈసీ 62606 అనే అంతర్జాతీయ ప్రమాణం 2013లోనే వచ్చింది. 10 ఆంపియర్ల ఆర్క్‌ను పావు సెకనులో తెంచాలని అందులో ఉంది. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ 2002 నుంచే పడకగదులకు ఇలాంటి రక్షణ తప్పనిసరి చేసింది. బ్రిటన్ 2022లో విద్యార్థి వసతి గృహాలకు, వృద్ధాశ్రమాలకు తప్పనిసరి చేసింది.

అన్ని ఇళ్లకూ రేపే పెట్టమనడం లేదు. హాస్టళ్లు, ఆస్పత్రులు, వృద్ధాశ్రమాలతో మొదలుపెట్టండి. వదులు స్క్రూలు వెతికే తనిఖీలైనా పెట్టించండి. దయచేసి మీరిచ్చిన మాటే నిలబెట్టుకోండి, అంతకుమించి అడగడం లేదు.

ఆ ఇంట్లో కాలిన వైరు కోసేసి కొత్త బోర్డు బిగించి వచ్చాను. చప్పుడు వినబడింది గనుక వాళ్లు నన్ను పిలిచారు. చప్పుడు వినబడని ఇళ్ల మాటేమిటని రాత్రిళ్లు టెన్షన్‌గా ఉంటోంది సార్. ఈసారి ‘పరిశీలనలో ఉంది’ అని రాయకండి. ఎప్పటిలోగా చేస్తారో ఒక తేదీ రాసి పంపండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్