జాబ్ కూర్చోబెట్టడం కూడా నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా (ఏటీసీలుగా) మార్చిన సంగతి పత్రికల్లో చదువుతూనే ఉన్నాను. ఆ కోర్సుల్లో అడ్వాన్స్‌డ్ సీఎన్‌సీ మెషినింగ్ టెక్నీషియన్ అని ఒకటుంది. సీఎన్‌సీ అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే కోత మెషిన్. మొన్న మా పక్కింటి పిలగాడు వచ్చి "మామా, గది తీసుకుంటే ఎట్లుంటది? ప్రోగ్రామింగ్ వస్తే చాలంట గదా" అన్నాడు. తీసుకోరా బిడ్డా, మంచిదే అన్నాను. కానీ ఆ "చాలు" అన్న మాటే నాకు మింగుడు పడలేదు. అరగంట చెప్పాను. సగం విని ఫోన్ చూసుకున్నాడు. మిగిలిన సగం మీకు రాస్తున్నాను. మా భాషలో జాబ్ అంటే ఉద్యోగం కాదు, మెషిన్ మీద కోతకు పెట్టే ముక్క. దాన్ని సరైన చోట కూర్చోబెట్టి కదలకుండా పట్టుకునేది ఫిక్చర్.

నాది నకిరేకల్ పక్క ఊరు. 36 ఏళ్లు టూల్‌రూముల్లోనే గడిచాయి. మొదట హైదరాబాద్ బాలానగర్‌లో, చివరి 9 ఏళ్లు చౌటుప్పల్ దగ్గర ఒక షెడ్డులో. బాలానగర్ అంటే 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టిన చోటు. అక్కడ చదివొచ్చిన వాళ్లు గీసిన ఫిక్చర్లను విప్పుతూ బిగిస్తూ పని నేర్చుకున్నవాణ్ణి. ఐటీఐ మెషినిస్టు సర్టిఫికెట్ తప్ప పెద్ద చదువేమీ లేదు.

చౌటుప్పల్ షెడ్డులో సెకండ్ హ్యాండ్ హారిజాంటల్ మెషిన్ ఒకటి ఉండేది. చూడని వాళ్లకు రెండు మాటలు. వర్టికల్ మెషిన్‌లో స్పిండిల్, అంటే కోత పనిముట్టును తిప్పే ఇరుసు, బోరుబండి లాగా పైనుంచి కిందికి దిగుతుంది. హారిజాంటల్‌లో గోడకు డ్రిల్లు పెట్టినట్టు అడ్డంగా వస్తుంది. దాని ముందు 500 మి.మీ. ప్యాలెట్ (జాబులు మోసే తిరిగే బల్ల), ప్యాలెట్ మీద నాలుగు ముఖాల ఇనుప దిమ్మె నిలబడి ఉంటుంది. దాన్ని టూంబ్‌స్టోన్ అంటారు, అంటే సమాధి రాయి. పేరు పెట్టినవాడు నవ్వుకుంటూ పెట్టి ఉంటాడు. ఒక్కో ముఖానికి జాబులు బిగిస్తే, ప్యాలెట్ తిరిగి ఒక్కో ముఖాన్నీ స్పిండిల్‌కు చూపిస్తుంది. ఒక ప్యాలెట్ లోపల కోతలో ఉండగా రెండోది బయట మనిషి ముందు ఉంటుంది. లాభమంతా అక్కడే. నష్టం కూడా అక్కడే మొదలవుతుంది.

ఒక రోజు నైట్ షిఫ్ట్‌లో అల్యూమినియం గేర్‌బాక్స్ హౌసింగులు 48 నడిచాయి. ముఖానికి రెండు చొప్పున ఒకే టూంబ్‌స్టోన్ మీద 8 జాబులు, మొత్తం 6 లోడ్లు. పొద్దున 7 గంటలకు ఇన్‌స్పెక్షన్ వాళ్లు 6 జాబులు పక్కన పెట్టేశారు. బోరు, అంటే లోపల కోసిన గుండ్రటి రంధ్రం, ఉండాల్సిన చోటు నుంచి 0.12 మి.మీ. తప్పింది, మాకున్న టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) 0.05. ఇక చూడండి హడావిడి. ఒకాయన ప్రోగ్రామ్ తెరిచి లైను లైను చదివాడు. ఒకాయన స్పిండిల్ బేరింగు పోయిందన్నాడు. సర్వీసు ఇంజనీరుకు ఫోన్ పోయింది. నైట్ ఆపరేటర్ పాపం ఇంటికి పోలేక నిలబడ్డాడు. "సార్, ప్రోగ్రామ్‌ల ఏం తప్పు లేదు, మూడుసార్లు చూసిన" అంటున్నాడు. వాడు చెప్పింది నిజమే.

నేను చేసింది ఒక్కటే. ట్రేలలో ఉన్న 48 జాబులనూ దిగిన వరుసలో నేల మీద పరిపించాను. చెడ్డవి 5, 13, 21, 29, 37, 45. ప్రతి ఎనిమిదోదీ పోతోంది. అంటే ప్రోగ్రామూ కాదు, స్పిండిలూ కాదు, ఐదో స్టేషను (జాబు బిగించే చోటు). మూడో ముఖం, పై జాబు. ఆ జాబు విప్పి రెస్ట్ ప్యాడ్ల (జాబు ఆనే చిన్న దిమ్మెల) మీద వేలు పెట్టి రాశాను. కళ్లకేమీ కనబడలేదు. మూడో ప్యాడ్ అంచున గోరు తగిలింది. అల్యూమినియం చిప్ (కోతలో రాలే ముక్క) ఒకటి క్లాంపు (బిగించే పట్టు) ఒత్తిడికి అణిగి, బేగడ కాగితంలా ప్యాడ్‌కు అతుక్కుపోయి ఉంది. బ్లేడుతో లేపి మైక్రోమీటర్‌లో పెడితే 0.08. ప్యాడ్‌కూ ప్యాడ్‌కూ మధ్య దూరం 160 మి.మీ., బోరు ఉన్నది 240 దూరాన. 0.08ను 160తో భాగించి 240తో గుణించండి. సరిగ్గా 0.12 వస్తుంది. పదో క్లాసు లెక్క. ఆ పొద్దు ఎవరికీ గుర్తు రాలేదు, పది నిమిషాల దాకా నాకూ రాలేదు.

అందుకే అంటున్నాను, మెషిన్‌కు కళ్లు లేవు. జాబ్ ఎక్కడుందని మనం చెప్పామో అక్కడే ఉందని నమ్మి కోస్తుంది. ఆ నమ్మకాన్ని నిలబెట్టేది ఫిక్చర్.

ఇందులో ఉన్న సూత్రం మన అమ్మమ్మలకు తెలిసిందే. మూడు రాళ్ల పొయ్యి మీద కుండ ఊగదు. నాలుగో రాయి పెట్టి చూడండి, ఏదో ఒక రాయి మీద కుండ ఆనదు. జాబుకు కూడా అడుగున మూడే ప్యాడ్లు ఉండాలి. నాలుగోది పెడితే అది ఆనిందో లేదో తెలియదు. క్లాంపు బిగించగానే కాస్టింగు (పోత పోసిన ముక్క) వంగుతుంది. కోత అయ్యాక విప్పితే మళ్లీ నిటారవుతుంది, కోసిన ముఖం మాత్రం వంకరవుతుంది. ఇక పక్కకు జరగకుండా చూడాలి. ఇసుర్రాయి గుర్తు తెచ్చుకోండి. నడుమ ఒక్క మేకు ఉంటుంది కాబట్టి పై రాయి ఎటూ జరగదు, కానీ గుండ్రంగా తిరుగుతుంది. తిరగకుండా ఆపాలంటే రెండో మేకు కావాలి. ఫిక్చర్ మీద రెండు లొకేటింగ్ పిన్నులు అందుకే. అడుగున మూడు, పక్కన రెండు, చివర ఒకటి, మొత్తం ఆరు ఆనుడులు అని బాలానగర్‌లో మాకు మొదటి వారంలోనే నేర్పారు.

ఆ రెండో పిన్ను దగ్గర నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. రెండు పిన్నులూ గుండ్రంగా పెడితే జాబ్ దిగదు. జాబులో రెండు రంధ్రాల మధ్య దూరం ఒక్కో కాస్టింగుకు 0.05 అటూ ఇటూ ఉంటుంది. దిగకపోతే ఆపరేటర్ సుత్తి తీసుకుంటాడు, ఆ తర్వాత పిన్నూ పోతుంది, రంధ్రమూ పోతుంది. అందుకని రెండోది డైమండ్ పిన్ను పెడతారు. రెండు పక్కలా చెక్కేసి, రెండు అంచులు మాత్రమే తగిలేలా ఉంటుంది. ఆ తగిలే అంచులు రెండు పిన్నులను కలిపే గీతకు అడ్డంగా ఉండాలి. అప్పుడే దూరంలో తేడాకు సందు ఇస్తుంది, తిరగడాన్ని ఆపుతుంది. కొత్తలో నేను దాన్ని 90 డిగ్రీలు తిప్పి కొట్టాను. దూరం సరిగ్గా కలిసిన జాబులు హాయిగా దిగేవి! రెండు రోజులు నా పనికి నేనే మురిసిపోయాను. మూడో రోజు మా ఫోర్‌మన్ జాబ్‌ను రెండు చేతులతో పట్టుకుని స్టీరింగులా అటూ ఇటూ తిప్పి నా ముఖం చూశాడు. ఒక్క మాట అనలేదు. అనివుంటే ఇన్నేళ్లు గుర్తుండేది కాదేమో.

పిన్ను సరిగ్గా ఉన్నా సందు ఉంటుంది. మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు. 16 మి.మీ. రంధ్రం హెచ్7 (పెద్ద హెచ్, రంధ్రాల గ్రేడు) అంటే 18 మైక్రాన్ల దాకా పెద్దది కావచ్చు. పిన్ను హెచ్6 (చిన్న హెచ్, పిన్నుల గ్రేడు) అంటే 11 మైక్రాన్ల దాకా చిన్నది కావచ్చు. కలిపితే 29 మైక్రాన్లు. ఒక ఆపరేటర్ జాబ్‌ను ఎడమకు నెట్టి బిగిస్తాడు, ఇంకొకడు కుడికి. ఇద్దరూ కష్టజీవులే, బోర్లు మాత్రం కలవవు. మందు చాలా చవక. ప్రతిసారీ ఒకే పక్కకు నెట్టి బిగించడం. హారిజాంటల్‌లో ఈ నెట్టే పని కొంత భూమే చేసిపెడుతుంది. వర్టికల్‌లో జాబ్ బరువు ప్యాడ్ల మీద పడి దాన్ని కూర్చోబెడుతుంది. హారిజాంటల్‌లో జాబ్ గోడకు వేలాడే పటం లాంటిది, బరువు ప్యాడ్లకు ఆనించదు, కిందికి లాగుతుంది. కాబట్టి ఆ బరువు దిగి కూర్చునేలా కింద రెండు ఆనుడులు పెట్టాలి. వాటి మీద కూర్చోబెట్టి, వెనక్కి ప్యాడ్లకు అదిమి, అప్పుడు క్లాంపు. అది కూడా సరిగ్గా ప్యాడ్‌కు ఎదురుగా. బిగింపు టార్క్ రెంచితో, అంటే ప్రతిసారీ ఒకే బలంతో బిగించే రెంచితో. చెయ్యి ఆనవాలుతో బిగిస్తే పొద్దుటి బలం ఒకటి, తెల్లవారుజాము నాలుగింటి బలం ఇంకొకటి.

హారిజాంటల్‌లో చిప్స్ వాటంతట అవే కింద పడిపోతాయని అమ్మేవాళ్లు చెప్తారు. పడతాయి, నిజమే. పై జాబు చిప్స్ కింది జాబు లొకేటర్ల మీద పడతాయి. ప్యాడ్ చిన్నగా, ఎత్తుగా, చుట్టూ గాడితో ఉంటే చిప్ జారిపోతుంది. వెడల్పాటి ప్యాడ్ చూడ్డానికి గట్టిగా అనిపిస్తుంది గానీ అది చిప్స్‌కు పరిచిన మంచం.

దిమ్మె తిరుగుతుందన్న దాంట్లో ఇంకో మెలిక ఉంది. పంపు బాడీకి అటొక బేరింగు సీటు, ఇటొక సీటు ఉంటాయి. ఒకటి సున్నా డిగ్రీల్లో బోరు చేసి, ప్యాలెట్‌ను 180 తిప్పి రెండోది చేస్తాం. ప్యాలెట్ తిరిగే కేంద్రం ఎక్కడుందో మనం మెషిన్‌కు 0.02 తప్పుగా చెప్పామనుకోండి, రెండు బోర్ల మధ్య తేడా 0.04 వస్తుంది. తిప్పగానే తప్పు రెట్టింపు. షాఫ్టు బిగుసుకుంటే అందరూ బేరింగును తిడతారు.

ఇప్పుడు జీరో పాయింట్ ప్లేట్లని వచ్చాయి. ఫిక్చర్ కింద పుల్ స్టడ్లు (ప్లేటు పట్టుకునే గుబ్బలు) ఉంటాయి, గాలి ఇస్తే వదులుతుంది, ఆపితే లోపలి స్ప్రింగులు పట్టేస్తాయి. తీసి మళ్లీ పెట్టినా 5 మైక్రాన్ల లోపు అదే చోట కూర్చుంటుందని కంపెనీలు రాసిస్తాయి. శుభ్రంగా ఉంటే కూర్చుంటుంది కూడా. మంచి ఫిక్చర్లలో ప్యాడ్ నడుమ సన్నటి రంధ్రం నుంచి గాలి వస్తుంది. జాబ్ పూర్తిగా ఆనకపోతే గాలి లీకై ప్రెషర్ లేవదు, మెషిన్ స్టార్ట్ కాదు. మా షెడ్డుకు అంత స్తోమత లేదు. మేం 0.03 ఫీలర్ గేజ్ (సందు చూసే సన్నటి రేకు) పెట్టి చూసేవాళ్లం. ఏ ప్యాడ్‌కూ జాబుకూ మధ్య దూరినా జాబ్ దించాల్సిందే.

ఎండ సంగతి రాయకపోతే నల్లగొండ వాణ్ణి కాను. కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర లెక్క. మన దగ్గర మే నెలలో 45. అల్యూమినియం మీటరుకు, డిగ్రీకి 23 మైక్రాన్లు పెరుగుతుంది, పోత ఇనుము అందులో సగం. రేకుల షెడ్డు బయట ట్రాలీలో ఎండకు కాగిన 300 మి.మీ. అల్యూమినియం కాస్టింగును తెచ్చి, దానికన్నా 15 డిగ్రీలు చల్లగా ఉన్న ఫిక్చర్ మీద బిగిస్తే, చల్లారాక 0.1 మి.మీ. కుంచించుకుపోతుంది. మేం కాస్టింగులను ముందు రోజు సాయంత్రమే మెషిన్ పక్కకు చేర్చేవాళ్లం. ఖర్చేమీ లేదు, హమాలీలతో కాస్త గొడవ తప్ప.

ఇక అడగాల్సింది అడుగుతాను. ఏటీసీల్లో సాఫ్ట్‌వేర్, సిమ్యులేషన్ నేర్పండి, వద్దనను. కంప్యూటర్ తెరమీద జాబ్ ఎప్పుడూ సరిగ్గానే కూర్చుంటుంది, అక్కడ చిప్ ఉండదు. అందుకని ప్రతి బ్యాచ్‌కూ ఒక ఫిక్చర్ ప్లేటు, ఒక కాస్టింగు, ఒక డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) ఇవ్వండి. పిల్లలతో జాబ్‌ను పదిసార్లు విప్పించి, పదిసార్లు బిగించించి, ప్రతిసారీ డయల్ రీడింగ్ నోట్‌బుక్కులో రాయించండి. తర్వాత వాళ్లకు తెలియకుండా ఒక ప్యాడ్ కింద సిగరెట్ ప్యాకెట్‌లోని రేకు ముక్క పెట్టి మళ్లీ రాయించండి. ఏ ప్యాడ్ కింద ఉందో రీడింగులు చూసి చెప్పమనండి. చెప్పగలిగిన పిల్లవాణ్ణి ఏ షాపైనా మొదటి రోజే మెషిన్ మీద నిలబెడుతుంది. డైమండ్ పిన్నును తిప్పి పెట్టి, జాబ్ ఎందుకు ఊగుతోందో కనుక్కోమనండి. మార్కులు కూడా దానికి వేయండి, మార్కులు లేనిది మన పిల్లలు చేయరు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఏ సెంటర్ వాళ్లు పిలిచినా వస్తాను. డయల్ గేజ్ నాదే తెచ్చుకుంటాను, బస్సు చార్జీలు అడగను. సోమవారం మాత్రం చెర్వుగట్టు గుడికి పోతాను, ఆ రోజు వదిలేయండి.

ఇట్లు,
రిటైర్డ్ టూల్‌రూమ్ ఫోర్‌మన్,
నల్లగొండ