గ్రామాభివృద్ధి సంఘం వార్షిక నివేదిక, 2025–26

గౌరవ సభ్యులకు నమస్కారం.

తెలంగాణలో గ్రామ పంచాయతీ పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేవరకు, దాదాపు రెండేళ్లపాటు, మన ఊరు కూడా ప్రత్యేకాధికారి పాలనలోనే ఉంది. ఎన్నికైన పాలకవర్గం లేనందున కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయి, పైపులైను మరమ్మతులు వాయిదా పడుతూ వచ్చాయి. అందుకే ఈ ఏడాది మన సంఘం మిగతా కార్యక్రమాలను తగ్గించుకుని గ్రామసభ మీదే దృష్టి పెట్టింది.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకొకసారైనా జరగాలి. సభ జరగడం ఒక ఎత్తయితే, అక్కడ ఏం తీర్మానించారో జనానికి తెలియడం మరో ఎత్తు. మన ఊళ్లో ముందుగా రిజిస్టరులో సంతకాలు, వేలిముద్రలు తీసుకుని, తీర్మానాలను తర్వాత ఆఫీసులో రాసుకునే పద్ధతి ఏళ్లుగా సాగుతోంది. మురుగుకాలువ గురించి మహిళలు ఎంతసేపు మాట్లాడినా తీర్మానాల్లో ఆ ఊసే ఉండకపోవచ్చు. ఎవరూ అడగని పని వారి సంతకాల మీదనే ఆమోదం పొందవచ్చు. నిధుల కొరత కంటే ఇదే పెద్ద లోపమని కార్యవర్గం నమ్ముతోంది.

ప్రతి తీర్మానాన్ని సభలోనే రాసి, పైకి చదివి వినిపించిన తర్వాతే సంతకాలు తీసుకోవాలని కొత్త సర్పంచ్ గారికి, పంచాయతీ కార్యదర్శికి వినతిపత్రం ఇచ్చాం. జనవరి సభలో ఇది మొదటిసారి అమలైంది. చదువుతుండగా సీసీ రోడ్డు పొడవు తప్పుగా ఉందని ఒక వార్డు సభ్యురాలు అభ్యంతరం చెప్పడంతో, కార్యదర్శి అక్కడికక్కడే అంకె కొట్టివేసి, సరైనది రాసి, పక్కన పొడి సంతకం పెట్టారు.

ఇది మనకు తెలియని పద్ధతేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు 2006లోనే సామాజిక తనిఖీ మొదలై, మస్టర్లలోని (కూలీల హాజరు పట్టీల్లోని) పేర్లను, కూలి మొత్తాలను ఊరందరి ముందు చదివే అలవాటు ఏర్పడింది. పంచాయతీ ఖర్చులనూ అలాగే చదవాలన్నది మన కోరిక. హైదరాబాదులో, గల్ఫ్‌లో ఉన్న మన సభ్యులు పంచాయతీల లెక్కలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లోని చెల్లింపుల వివరాలు చూసి పంపిస్తుంటే, ఇక్కడి యువకులు వాటిని పెద్ద అక్షరాలతో రాసి పంచాయతీ గోడకు అంటిస్తున్నారు.

పాత పనుల ఎంబీ (పని కొలతలు నమోదు చేసే పుస్తకం) నకళ్ల కోసం సమాచార హక్కు చట్టం కింద పెట్టిన దరఖాస్తుకు 30 రోజుల గడువు దాటినా జవాబు రానందున మొదటి అప్పీలు వేశాం. నకళ్లు అందగానే సభ్యులందరికీ పంపుతాం.