కుందేళ్ల మేత సంచి మీద మీరు వేసిన మాట గురించి, దానికి ఇంతవరకూ ఇవ్వని జవాబు గురించి

కస్టమర్ కేర్ విభాగాధిపతి గారికి,

విషయం: "ఎండుగడ్డి అక్కర్లేదు, మా గట్టి గుళికలే పళ్లను అరగదీస్తాయి" అని మీ సంచి మీద ఉన్న వాక్యం, దాని గురించి అడిగినప్పుడు మీ సిబ్బంది చెప్పిన సలహాలు.

ఆర్యా,

మీ గుళికలు పాడైపోయాయని ఈ ఉత్తరం రాయడం లేదు. అదే అయితే సంచి మార్చుకుని ఊరుకునేవాళ్లం. మేం అడిగిన ప్రశ్నను మీ సంస్థలో ఒక్కరూ చదవలేదు. చదవకుండానే జవాబులు పంపారు. వాటిలో ఒకటి పాటిస్తే కుందేలు చచ్చిపోతుంది. మా కోపం అందుకు.

వదిలేసిన కుందేళ్లను చేరదీసి సాకేవాళ్లం మేం. మిమ్మల్ని అడిగినవి రెండే మాటలు. పళ్లు అరుగుతాయన్న వాక్యాన్ని ఏ ఆధారంతో అచ్చు వేశారు? పాత సంచుల మీద ఉండే పీచు శాతం, కాల్షియం శాతం కొత్త సంచుల మీద ఎందుకు లేవు? మీ దగ్గర మేత తయారుచేసేవాళ్లలో ఎవరిని అడిగినా ఒక్క పూటలో తేలే సంగతి.

మొదట బ్యాచ్ నంబర్ కావాలన్నారు, పంపాం. సంచి ఫొటో అన్నారు, అదీ పంపాం. తర్వాత రసీదు అడిగారు. అన్నీ ముట్టాక ఫోన్ చేసిన ఏజెంట్ "సంచి చిరిగి వచ్చిందాండీ, పురుగు పట్టిందాండీ?" అని అడిగారు. రెండూ కాదు, సంచి మీది రాత తప్పు అన్నాం. అలాంటి ఫిర్యాదు రాసుకోవడానికి తమ దగ్గర వీల్లేదంటూ "సంచి చిరిగింది" అని నమోదు చేశారు. వద్దంటున్నా కొత్త సంచి పంపారు. దాని మీదా అదే వాక్యం ఉంది.

మళ్లీ రాశాం. ఈసారి పొడవాటి జవాబు వచ్చింది, కానీ అది కుక్కల గురించి. రోజూ బ్రష్ చేయండి, నమిలే బిళ్లలు ఇవ్వండి, గార తగ్గుతుంది అని అందులో ఉంది. మా ఉత్తరంలో కుందేలు అన్న మాట ప్రతి పేరాలోనూ ఉంది. కుక్క పళ్లు ఒకసారి వచ్చాక పెరగవు. దాని 42 శాశ్వత దంతాల మీద పాచి పడుతుంది, లాలాజలంలోని ఖనిజాలతో కలిసి కొద్ది రోజుల్లోనే గారగా గట్టిపడుతుంది, చిగుళ్ల కిందికి దిగి పన్ను చుట్టూ ఉన్న ఎముకను పాడుచేస్తుంది. దానికి బ్రష్ సరైన పనే. కుందేలుకు బ్రష్‌తో పని లేదు. దాని 28 పళ్లూ బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లయితే వారానికి సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లు పెరుగుతాయి. పెరిగినంతా ఎప్పటికప్పుడు అరిగితేనే ఆ జంతువు తినగలుగుతుంది.

గట్టిదైతే పళ్లకు మంచిదన్న మాట కుక్కల విషయంలోనూ తప్పే. బొటనవేలి గోటితో నొక్కితే కాస్తయినా సొట్ట పడనిది కుక్కకు నమలడానికి ఇవ్వకూడదు. ఇస్తే, పై దవడలో దేన్నైనా కోయడానికి వాడే పెద్ద పన్ను పక్కనుంచి పెచ్చులా ఊడి లోపలి నరం బయటపడుతుంది. ఆ సంగతి మీరు పంపిన జవాబులో లేదు.

ఇక మీ వాక్యం దగ్గరికి వద్దాం. గుళికను కుందేలు దవడ పైకీ కిందికీ ఆడించి పగలగొడుతుంది. అది ఎంత గట్టిదైనా నాలుగు నములుళ్లకు పొడైపోయి గొంతు దిగుతుంది. ఎండుగడ్డి పోచ అలా పగలదు. దాన్ని నలగ్గొట్టాలంటే కింది దవడ పక్కకు జరిగి తిరగలిలా రుద్దాలి, అదీ రోజులో గంటల తరబడి. వెనక దవడ పళ్లు అరిగేది ఆ పక్కవాటు కదలికకు. గడ్డిలో సహజంగా ఉండే సిలికా కూడా పళ్లను అరగదీస్తుంది. కాబట్టి మేత గట్టిదా మెత్తదా అన్నది కాదు, దవడ ఎటు కదిలింది, ఎంతసేపు కదిలింది అన్నదే లెక్క. గుళికలతోనే కడుపు నిండిన కుందేలు గడ్డి ముట్టదు. అప్పుడు కింది దవడ పళ్ల అంచులు నాలుక వైపు, పై దవడ పళ్ల అంచులు బుగ్గ వైపు మొనదేలి కండలోకి గుచ్చుకుంటాయి. పళ్లు బయటికే కాదు, పంటి వేళ్ల వైపు కూడా ఒత్తుకుపోతాయి. కింది దవడ ఎముక మీద చేతికి గడ్డలు తగులుతాయి. పైవైపు కన్నీటి నాళం నొక్కుకుపోయి కంటి నుంచి నీరు కారుతూనే ఉంటుంది. చాలామంది దాన్ని కంటి జబ్బనుకుని చుక్కల మందు వేస్తూ కూర్చుంటారు.

మా దగ్గరున్న కుందేళ్లలో కొన్నింటికి జరిగింది ఇదే. ఆకలితో గిన్నె దగ్గరికి వస్తాయి, గుళిక నోట పెట్టుకుని వదిలేస్తాయి. గడ్డి వదిలి మెత్తని ఆకులే ఏరుకుంటాయి. చొంగ కారి గడ్డం కింద బొచ్చు ఉండలు కడుతుంది, పెంటికలు చిన్నవవుతాయి. ముందు పళ్లు చూసి బాగున్నాయనుకుంటే పొరపాటే, మొనలు ఉండేది వెనక. వాటిని సరిగా చూడాలంటే మామూలుగా మత్తు ఇవ్వాల్సిందే. అరగదీయడానికీ మత్తు కావాలి. వేళ్లు వంకరపోయాక చేసిన పనే కొన్ని వారాలకో నెలలకో మళ్లీ చేయించాలి.

ఇదంతా మీ ఏజెంట్లకు చెప్పాం. ఒకావిడ మొత్తం విని, సంచి మీదున్న వాక్యాన్నే మాకు చదివి వినిపించారు. ఇంకొకరు పళ్లు పెరిగితే గోళ్ల కత్తెరతో కత్తిరించేయమన్నారు. అలా కత్తిరిస్తే పన్ను నిలువునా చీలుతుంది, ఆ చీలిక నుంచి వేరులోకి చీము పడుతుంది. పైగా కత్తెర అందేది ముందు పళ్లకే. ఆ తర్వాత మమ్మల్ని పోషకాహార నిపుణుడికి కలిపారు. ఆయన ఖనిజ దిమ్మ నాకించమన్నారు, అది కూడా మీ సరుకే. దిమ్మ కొరికినా దవడ పళ్లు అరగవు. కుందేలు పేగులు మేతలో ఉన్న కొద్దీ కాల్షియం పీల్చుకుంటాయి. ఎక్కువైంది మూత్రంలోకి వెళ్లి సున్నపు ముద్దలా చిక్కబడుతుంది, రాళ్లు కడుతుంది. కాల్షియం శాతం ఎందుకు తీసేశారని అడిగినవాళ్లకు ఇంకా కాల్షియం పెట్టమని సలహా ఇచ్చారు.

అన్నిటికన్నా ఘోరం చాట్‌లో రాసిన జవాబు. ఒక కుందేలు మేత ముట్టడం లేదని రాస్తే "ఆకలేస్తే అదే తింటుంది, రెండు రోజులు వేరే ఏమీ పెట్టకండి, మా గుళికలకు అలవాటు పడుతుంది" అన్నారు. కుందేలును పస్తు పెట్టకూడదు. దాని పేగులు నిరంతరం కదులుతూ ఉండాలి. 12 గంటలు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది అత్యవసర పరిస్థితి, ఆ రాత్రే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. రెండు రోజులు ఆగితే పేగులు స్తంభించి గ్యాస్ నిండి చచ్చిపోతుంది. మేత మార్చాలన్నా పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ ఒకటి రెండు వారాలు తీసుకోవాలి. మాకు తెలుసు కాబట్టి ఆ కుందేలు బతికింది. మొన్ననే కుందేలును ఇంటికి తెచ్చుకున్న పిల్లవాడు ఇదే ప్రశ్న మీ చాట్‌లో అడిగితే వాడికీ ఇదే జవాబు వెళ్తుంది కదా? ఆ మాట రాసిన ఏజెంట్‌ను తప్పుబట్టడం లేదు. ఆయన చేతిలో ఆ జవాబు పెట్టింది మీరు.

దాని మీద ఫిర్యాదు చేస్తే మర్నాటికి "మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని సందేశం వచ్చింది. మళ్లీ తెరవమంటే కొత్త టికెట్ పెట్టుకోమన్నారు. కొత్త టికెట్‌కు మళ్లీ బ్యాచ్ నంబర్ అడిగారు. పైఅధికారి నంబరు అడిగితే ఇవ్వరు, ఆయనే ఫోన్ చేస్తారంటారు. ఆ ఫోన్ రానే రాలేదు. రాయితీ కూపన్ మాత్రం వచ్చింది.

మీ కంపెనీ చిన్నగా ఉన్న రోజుల నుంచీ మీ మేతే వాడాం. కుందేలును పెంచుకోవడానికి తీసుకెళ్లే ప్రతి కుటుంబానికీ మేం ఇచ్చే సూచనల కాగితంలో మీ గుళికల పేరే రాసేవాళ్లం. అప్పట్లో మీ సంచి మీద పీచు 18 శాతానికి పైనే అని స్పష్టంగా ఉండేది, గడ్డితో పాటే పెట్టమని కూడా ఉండేది. ఆ సంచిని చూసే మిమ్మల్ని నమ్మాం. అలాంటి మంచి మాటను మీ చేతులతో మీరే ఎందుకు చెరిపేసుకున్నారో ఇప్పటికీ అర్థం కావడం లేదు. ఆ కాగితంలోంచి మీ పేరు తీసేశాం.

ముందుగా, పస్తు పెట్టమనే సలహాను మీ ఏజెంట్ల జవాబుల్లోంచి ఈరోజే తీసేయండి. దీనికి కమిటీలు, సమీక్షలు అక్కర్లేదు. సంచి మీది వాక్యం తర్వాతి అచ్చులో ఉండకూడదు, అంగళ్లలో ఉన్న సంచుల మీద దాన్ని కప్పేలా చీటీ అంటించండి. దాని చోట ఉండాల్సిన సమాచారం ఇది: మేతలో 80 శాతానికి పైగా ఎండుగడ్డే కావాలి, అది ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, ఎదిగిన కుందేలుకు గుళికలు రోజుకు కిలో బరువుకు 25 గ్రాములకు మించకూడదు, లూసర్న్ గడ్డి ఎదిగే పిల్లలకే, పెద్దవాటికి కాల్షియం ఎక్కువవుతుంది. పీచు, కాల్షియం శాతాలు తిరిగి అచ్చు వేయండి. గిన్నీ పందుల సంచి మీద కూడా ఇదే వాక్యం చూశాం. వాటి 20 పళ్లూ ఇలాగే జీవితాంతం పెరిగేవే. అక్కడా తీసేయాలి.

పదిహేను రోజుల్లో పేరు, హోదా, సంతకం ఉన్న జవాబు రాకపోతే ఈ మొత్తం వ్యవహారాన్ని వినియోగదారుల న్యాయస్థానానికి తీసుకెళ్తాం. పస్తు పెట్టమన్న చాట్ ప్రతిని మాకు తెలిసిన ప్రతి పశువైద్యుడికీ, కుందేళ్లను సాకే ప్రతి సంస్థకూ పంపుతాం. ఏ తేదీన ఎవరు ఏమన్నారో అంతా రాసి ఉంచాం.

ఈసారి ఫోన్ చేయకండి, కూపన్ పంపకండి. రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
మీ పాత వినియోగదారులు

జత: పాత, కొత్త సంచుల ఫొటోలు, చాట్ ప్రతులు, దంత పరీక్ష నివేదికలు, ఎక్స్‌రేలు. బ్యాచ్ నంబర్ కూడా మళ్లీ జతపరిచాం.